ఐదో కాలు

బట్టను గేదె పాలలో, కరక్కాయ నీళ్లలో ముంచి బాల్కనీలో ఆరేసిన రోజున, మా రేణిగుంట అపార్ట్‌మెంటులో ఎదురింటావిడ తలుపు కొట్టి, "మీ ఇంట్లో పాలు విరిగినట్టుండాయి, సూసుకోండి" అని మర్యాదగా చెప్పి వెళుతుంది. నెలకోసారి చెబుతుంది. నన్ను పలకరించేది ఆ ఒక్కరోజే కాబట్టి, అసలు సంగతి నేనూ చెప్పను.

ఆ పులిసిన వాసనలోనే నేను పెరిగాను. శ్రీకాళహస్తిలో మా నాయన కలంకారీ బొమ్మలు వేసేవాడు. వసారా నిండా చింతపుల్లల బొగ్గు, వెదురు కలాలు, మూలన కుండలో ఇనుప ముక్కలూ బెల్లమూ కలిసి వారాల తరబడి ఊరే కసిమి, అంటే మా నల్లరంగు. ఎండాకాలం స్వర్ణముఖి ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తాగి, చలికాలం ఉడికించిన శనగకాయలు ఒడిలో పోసుకుని, అచ్చనగాయలాటలో ఓడిపోయి వచ్చి నాయన పక్కన కూలబడేదాన్ని. బట్ట నడుమ దేవుళ్లు ఆయనవి, అంచున జంతువులు నావి. ఏడేళ్లకే ఉద్యోగం. కసిమితో గీస్తే మొదట తుప్పునీళ్లలా కనబడి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ తర్వాత ఏటిలో ఎన్నిసార్లు జాడించినా పోదు. అందుకే పెద్దవాళ్లు ముందు బొగ్గుతో గీసుకుని, దాని మీద కలం పెడతారు. నేను ఏకంగా కలమే పెట్టేదాన్ని. భయమనేది ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు.

అలా గీసిన ఒక ఏనుగుకు ఐదు కాళ్లొచ్చాయి.

"ఏం పాపా, ఇదేంది?" అన్నాడు నాయన.

"నడస్తా ఉండాది నాయనా."

ఆయన కాసేపు చూసి, "నడస్తానే ఉండాది" అని తన దేవుడి దగ్గరికి వెళ్లిపోయాడు. నా బొమ్మల మీద వచ్చిన సమీక్షల్లో ఇప్పటికీ అదే గొప్పది.

శివరాత్రి తిరనాళ్లకు ఊరు కిక్కిరిసినప్పుడు, ఆ బట్ట వేయమని చెప్పిన తిరుపతి ఆసామి తన వాళ్లందరితో వచ్చాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, దేవుళ్లను ఒక్కొక్కరినే మెచ్చుకుంటూ మూలకొచ్చి ఆగాడు.

"ఏమప్పా, ఏనుక్కి ఐదు కాళ్లేసినావే? దిష్టికి ఒగటి ఎక్కువ పెట్టినావా?"

అందరూ నవ్వారు. "మా పాప ఏసిందిలే సామీ" అన్నాడు నాయన.

"సరేలేబ్బా, ఆ మూల మడిచి కట్టుకుంటాములే. గోడకేం తెలస్తుంది?"

నాయన తలూపాడు. మెత్తని మనిషి. నేను స్తంభం వెనక నిలబడి ఏనుగు కాళ్లు మొదటిసారి లెక్కపెట్టాను. ఐదే. అప్పటిదాకా నాకు కనబడింది ఏనుగు, కాళ్లు కాదు.

మర్నాటి నుంచి ముందు బొగ్గుతో గీయడం నేర్చుకున్నాను. దాంతోపాటు ఇంకొకటీ వచ్చింది: గీస్తున్నంతసేపూ ఎడమచెయ్యి బట్టకు అడ్డంగా, చిన్న ప్రహరీలా ఉండేది. "ఎవురూ సూడ్డం లేదులే పాపా, చెయ్యి తియ్యి" అనేవాడు నాయన. తీసేదాన్ని. ఆయన తల తిప్పగానే మళ్లీ వచ్చేది. నా ఏనుగులన్నిటికీ సరిగ్గా నాలుగేసి కాళ్లు. ఒక్కటీ కదల్లేదు. ఆ కదలనివాటి మీదే కాలేజీలో బహుమతులన్నీ తెచ్చుకున్నాను.

నాయన ఇప్పుడు లేడు. బట్టలు జాడించేందుకు ఏటిలో పారే నీళ్లూ లేవు. బాత్రూములో బోరు నీళ్లతో కానిస్తున్నాను. పోయినేడు కావాలనే ఓ ఏనుగుకు ఐదో కాలు పెట్టి చూశాను. ప్రదర్శనలో ఒకాయన దాని ముందు చాలాసేపు నిలబడి, పసితనం ఉట్టిపడుతోందన్నాడు. కాళ్లయితే ఐదున్నాయి. నడక మాత్రం రాలేదు.

ఇవాళ బట్ట ఆరింది. ఎదురింటావిడ వచ్చి చెప్పి వెళ్లింది కూడా. తలుపు గడియ పెట్టి, నేల మీద బట్ట పరిచి, బొగ్గు ముట్టకుండా కలం ముంచాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, వచ్చేవాళ్లూ లేరు. అయినా ఎడమచెయ్యి దానంతటదే వచ్చి బట్టకు అడ్డంగా వాలింది. "ఎవురూ సూడ్డం లేదులే" అన్నాను పైకే.

ఆ మాట నిజమే. తియ్యమనేవాళ్లు కూడా లేరు కాబట్టి, చెయ్యి అక్కడే ఉంది.