చాక్‌పీసు ఎత్తిన చోట

మా కాలేజీ పాత విద్యార్థుల సంచికకు నా గురించి నాలుగు పేజీలు రాసిమ్మన్నారు. రాయడానికి చాలానే ఉంది. పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా నేల మీద కూర్చుని చదివినవాణ్ణి. మా ఊళ్లో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసిన మొదటివాణ్ణి, అదీ ఫస్టు క్లాసులో. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్క క్లాసుకూ ఆలస్యంగా వెళ్లలేదు. నా దగ్గర చదివినవాళ్లలో పదిహేడు మంది లెక్చరర్లయ్యారు. చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ లేని రోజుల్లో డిగ్రీ ఆఖరి ఏడాది లెక్కల్లో గ్రూపు ప్రాజెక్టు పెట్టింది నేనే. అయినా ఈ నాలుగు పేజీలూ నా విద్యార్థి ఒకాయనకు ఇస్తున్నాను. ఆయన పోయి నెల దాటింది.

ఆయన చెత్త బండి డ్రైవరు. తెల్లవారుతూనే బండి తీసి, పదింటికి డిపోలో పెట్టి, స్నానం చేసి, తడి జుట్టుతో పదకొండింటి క్లాసుకు వచ్చేవాడు. వయసు ముప్పై నాలుగు. క్లాసంతా బాబాయి అని పిలిచేది. నడుము అప్పటికే మొరాయిస్తోంది. డిపోలో టైమ్‌కీపరు ఉద్యోగం ఖాళీ కాబోతోంది. ఏ బండి ఏ దారిన ఎన్నింటికి వెళ్లాలో రాసే కుర్చీ పని. దానికి డిగ్రీ ఉండాలి, ముప్పై అయిదు నిండకూడదు. అంటే ఆ ఏడాదే పాసవ్వాలి. ఈ సంగతి ఆయన మొదటి వారమే నాతో చెప్పుకున్నాడు.

నా ప్రాజెక్టుకో నియమం ఉండేది. గ్రూపుకు నలుగురు. చివరి రోజున చీటీ తీస్తాను. ఎవరి పేరొస్తే వాళ్లే బోర్డు దగ్గర మొత్తం చెప్పాలి. వాళ్లకొచ్చిన మార్కులే నలుగురికీ. దాంతో వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పక తప్పదు. ఈ నియమం చూడ్డానికి వేరే కాలేజీల నుంచి వచ్చి రాసుకుపోయేవారు.

బాబాయి గ్రూపులో క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి ఒకతె, ఓ పొడుగు కుర్రాడు, వాడి స్నేహితుడు ఇంకొకడు. వాళ్లు తీసుకున్న సమస్య బాబాయి బండి గురించే. ఏ వీధిలోనూ రెండోసారి తిరగకుండా వార్డులోని నలభై ఒక్క వీధులూ చుట్టి, బండి బయలుదేరిన చోటికే రాగలదా? నా నోట్సు ప్రకారం, ప్రతి కూడలిలోనూ కలిసే వీధులు సరిసంఖ్యలో ఉంటే రాగలదు. వార్డును నాలుగు ముక్కలు చేసి పంచుకున్నారు. ఎవరి ముక్కలో కూడళ్లు వాళ్లు లెక్కపెట్టుకొచ్చారు. రైలు పట్టాలకు అవతలి ముక్క బాబాయిది.

సాయంత్రాలు డిపార్టుమెంటు మెట్ల మీద కూర్చుని ఆయనకు నేర్పేవారు. నా గది కిటికీలోంచి వినపడేది.

"బాబాయ్, నాలుగోసారి చెప్తున్నా. ఈసారీ అర్థం కాలేదంటే నేనే వచ్చి నీ బండెక్కుతా" అనేది అమ్మాయి.

"రా తల్లీ. ముక్కు మూసుకోకుండా ఊపిరి ఆపడం నేర్పిస్తా."

"నవ్వకు. సరిసంఖ్య ఎందుకు కావాలి?"

"కూడలిలోకి వచ్చిన బండి బయటికి పోవాలి కదా. వచ్చేందుకొకటి, పోయేందుకొకటి."

"అమ్మయ్య. పొడుగూ, విన్నావా? బాబాయికి వచ్చేసింది."

"మరి పట్టాల అవతలికి నేను రోజూ హైవే మీదుగా చుట్టు తిరిగి పోతానే, అదెక్కడ రాస్తాం?" అన్నాడు బాబాయి.

"హైవే మన వార్డులో లేదుగా. రోడ్డు వేరు, లెక్క వేరు బాబాయ్. బుర్ర పాడుచేసుకోకు" అన్నాడు పొడుగు కుర్రాడు. ఆయన సరేనన్నాడు. చదువుకున్న పిల్లలు చెబుతున్నారు కదా అని ఊరుకునుంటాడు.

చీటీలో బాబాయి పేరే వచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బోర్డు మీద పటం మొదలుపెట్టాడు. నాలుగు ముక్కలూ ఒకేచోట గీయడం ఆ గ్రూపులో ఎవరికైనా అదే మొదటిసారి. చెయ్యి ఎత్తకుండా వీధి తర్వాత వీధి చక్కగా గీసుకుంటూ పోయాడు. పట్టాల దగ్గరికి వచ్చేసరికి చాక్‌పీసు బోర్డు మీంచి ఎత్తి నిలబడిపోయాడు.

"ఏమయ్యా, ఆగావేం?"

"ఇక్కణ్ణించి అటు పోవడం కుదరట్లేదు సార్."

"కూడళ్లన్నీ సరిసంఖ్యేనా?"

"సరిసంఖ్యే సార్. రెండుసార్లు చూశాం."

"అయితే సిద్ధాంతం ఏమంటోంది?"

"బండి వెళ్తుందంటోంది సార్."

"మరి?"

"వెళ్లదు సార్."

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. "నువ్విక్కడికి బండి నడపడానికి రాలేదయ్యా, నిరూపణ చెప్పడానికొచ్చావు. చెప్పు" అన్నాను. రెండు వాక్యాలు రాశాడు. మళ్లీ పటం వైపు చూశాడు. చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి వెళ్లి కూర్చున్నాడు.

ముప్పై రెండు వేశాను. పాసుకు నలభై కావాలి.

వరండాలో పొడుగు కుర్రాడు ఆయన మీద విరుచుకుపడ్డాడు. "నాలుగు నెలలు నేర్పాం. గీత గీసి కూర్చోడానికేం బాబాయ్ నీకు?"

"గీయడానికి దారి లేదు నాయనా" అన్నాడాయన.

మర్నాడు ఆదివారం. ఆ పటం నా కళ్ల ముందు నుంచి పోలేదు. నేను చదువుకున్న పాత పుస్తకం తీశాను. సిద్ధాంతం మొదట్లోనే నాలుగు మాటలున్నాయి. పటమంతా ఒకే ముక్కగా ఉంటే. పట్టాల మీద ఉన్నది మెట్ల వంతెన. మనుషులు దాటగలరు, బండి దాటలేదు. ఆ వార్డు ఒక్క పటం కాదు, రెండు. ఆ నాలుగు మాటలూ నా నోట్సులో లేవు. పద్నాలుగేళ్లుగా లేవు. నేనే ఎప్పుడో జారవిడిచాను. పద్నాలుగు బ్యాచీలు నన్ను నమ్మి అలాగే రాసుకున్నాయి.

మార్కుల జాబితా పంపడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. ప్రిన్సిపాలు గదికి వెళ్లి తప్పు నాది అంటే సరిపోయేది. కానీ ఆ గురువారమే నాకు ఉత్తమ అధ్యాపకుడి సర్టిఫికెట్టు ఇస్తున్నారు, అదీ గ్రూపు ప్రాజెక్టులకే. అది అయ్యాక చెబుదామనుకున్నాను. అది అయ్యాక చెప్పడం ఇంకా కష్టమైంది. తొమ్మిదో రోజున సంతకం చేసి పంపించాను. నా సర్వీసులో ఏ కాగితమూ గడువు దాటనివ్వలేదు.

మిగతా ముగ్గురూ చిన్నవాళ్లు. మరుసటి ఏడాది రాసి పాసై ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. బాబాయి కూడా పాసయ్యాడు. అప్పటికి ముప్పై అయిదు నిండిపోయాయి. ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఆయన మళ్లీ బండెక్కాడు.

పన్నెండేళ్ల తర్వాత ఆ క్లాసు ఫస్టు అమ్మాయి ఫోను చేసింది. ఇప్పుడు తనూ లెక్చరరే. "బాబాయి మంచం పట్టారు సార్. నడుము ఆపరేషను కుదరదన్నారట" అంది. నేను వెళ్లాను.

రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన మంచం. గోడ మేకుకు నడుం బెల్టు వేలాడుతోంది. ఆయన భార్య గుమ్మంలో కూర్చుని కూర తరుగుతోంది. కుర్చీ వేసి, "కాలేజీ సారా, ఈయనకి లెక్కలు నేర్పడానికి ఎంత కష్టపడ్డారో పాపం" అంది.

మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. పుస్తకం సంగతి, నాలుగు మాటల సంగతి, తొమ్మిది రోజుల సంగతి.

"తెలుసు సార్" అన్నాడు బాబాయి. "ఆ సోమవారమే లైబ్రరీలో ఆ పుస్తకం చూశా."

"మరి నా దగ్గరికి రాలేదేం?"

"వచ్చా సార్. గురువారం. మీ గది బయట నిలబడ్డా. సర్టిఫికెట్టుకి ఎలాంటి ఫ్రేము కట్టించాలా అని లోపల మాట్లాడుకుంటున్నారు. మీరు నవ్వుతున్నారు. మిమ్మల్నట్లా ఎప్పుడూ చూళ్లేదు. నోరు రాలేదు."

కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

"నాతో ఫెయిలయ్యానన్నారు" అందావిడ. "లెక్క రాలేదన్నారు."

"చెబితే నువ్వెళ్లి సారింటి ముందు నిలబడేదానివి."

"పన్నెండేళ్లు దెప్పాను. నడుం నొప్పన్నప్పుడల్లా, ఆ మొద్దు బుర్రకి రెండు లెక్కలొచ్చుంటే కుర్చీలో కూర్చునేవారుగా అని."

"అది కాకపోతే ఇంకోటి దెప్పేదానివిలే" అన్నాడు నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, ఆయన మంచం చివర, కాళ్ల దగ్గర కూర్చుంది. నన్నేమైనా అంటుందేమోనని చాలాసేపు ఎదురుచూశాను. చివరికి లేచాను. బాబాయి విద్యార్థి కదా, మేష్టారు లేస్తే పడుకుని ఉండలేడు. మోచేతుల మీద ఆనుకుని లేవబోయాడు.

ఆవిడ ఆయన భుజం మీద చెయ్యివేసి పడుకోబెట్టింది.

"మీరు లేవద్దు" అంది.