ఒరుగుపిట్ట సైకిల్

ఆమె సైకిల్ మీద కొండ దిగి వస్తుంటే వీధి మొదట్లోనే పోల్చుకునేవాళ్లు. మొహం కనపడనక్కర్లేదు. కుడి భుజం కిందికి వాల్చి, ఒక రెక్క గాలికి వదిలేసిన పిట్టలా వచ్చేది. ఒరుగుపిట్ట అని ఆమెకు పేరు పెట్టింది ఎవరో కాదు, కట్టుకున్నవాడే. కొండదారుల్లో తొక్కే సైకిళ్లకు చేత్తో ఫ్రేములు చేసే మేస్త్రి.

"నా ఫ్రేము తిన్నగానే ఉంది, నువ్వే వంకర" అనేవాడు.

"వంకరదాన్నేలే. చేసుకునేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నావు?" అనేది. షాపులో ఉన్నవాళ్లంతా గొల్లుమనేవాళ్లు.

అతను చేసిన మొట్టమొదటి సైకిల్ ఆమెదే. పెళ్లికి ముందు ఆమె చేతుల పొడవు, కాళ్ల పొడవు సిగ్గుపడుతూ టేపుతో కొలిచాడు. ఉక్కు గొట్టాలు కోసి, కీళ్ల దగ్గర ఇత్తడి కరిగించి అతికాడు. రాళ్లలో ఆగినా ఆమె కాళ్లు నేలకు అందాలని పై గొట్టాన్ని వెనక్కి వాల్చాడు. నిట్టనిలువు దిగుడులో ఆమె ముందుకు తూలిపోకూడదని ముందు ఫోర్కును కాస్త చాచి పెట్టాడు. రంగు మాత్రం ఆమే ఎంచుకుంది, వానకు ముందు ఆకాశం రంగు.

ఆమె పోయి ఏడాదయింది. సైకిల్ షాపు గోడకు వేలాడుతోంది. మేస్త్రి దాని కిందే పని చేసేవాడు గాని, తలెత్తి చూసేవాడు కాదు.

ఒక ఉదయం కూతురే దాన్ని దించింది. ఒడ్డూ పొడుగూ అంతా తల్లే.

"నాన్నా, దీన్ని బాగుచెయ్యి. ఆదివారం కొండెక్కుతాను."

టైర్లూ చైనూ మార్చాడు. కూతురు వీధి చివరిదాకా తొక్కి వెనక్కి తిరిగింది. మేస్త్రి చేతిలో పానా అలాగే ఉండిపోయింది. కుడి భుజం వాల్చి వస్తోంది, అచ్చం ఆమెలాగే.

"నువ్వెందుకే అలా ఒరుగుతున్నావు?"

"ఒరక్కపోతే ఎలా నాన్నా? బండి ఎడమకి లాగేస్తుంటే!"

మేస్త్రి దారం అందుకున్నాడు. వెనక చక్రం కూర్చునే ఒక కొనకు కట్టి, హ్యాండిల్ దూరే గొట్టం చుట్టూ తిప్పి, రెండో కొనకు బిగలాగాడు. ఫ్రేము తిన్నగా ఉంటే, దారానికీ సీటు గొట్టానికీ మధ్య సందు రెండు పక్కలా ఒకటిగా ఉండాలి. ఒక పక్క బియ్యపుగింజంత ఎక్కువుంది. ఊరందరి సైకిళ్లకూ ఈ దారం కట్టాడు. దీపం కింద చీకటి, ఇంట్లోదానికి కట్టలేదు.

"మీ అమ్మకి తెలుసా?"

కూతురు తల దించుకుంది. "తెలుసు. నీకు చెప్పొద్దంది. 'తెలిస్తే మీ నాన్న దీన్ని కోసి పారేసి కొత్తది చేస్తాడే, నాకు ఇదే కావాలి' అంది."

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. ఆ కుడి భుజానికి ఎన్నేళ్లు మందు రాశాడు! రాస్తూనే, "అంతెత్తు దిండేసుకుంటే నొప్పి రాదూ?" అని కసిరేవాడు. "అవునవును, దిండుదే తప్పు" అని ఆమె కళ్లు మూసుకునేది.

"సరిచెయ్యకు నాన్నా. నేనూ అమ్మలాగే తొక్కుతాను. అలాగైనా..." కూతురు హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

అతను లేచి ఆమె కుడి భుజం మీద చెయ్యి వేశాడు. "వద్దు తల్లీ. ఈ బండి మీ అమ్మ భుజం తిన్నది చాలు."

ఫ్రేమును బల్లకు బిగించి, పొడుగాటి కడ్డీ దూర్చి, ఊపిరి బిగపట్టి నొక్కాడు. ఉక్కు సన్నగా మూలిగింది. దారం కట్టి చూశాడు. మళ్లీ నొక్కాడు. చివరికి సందు రెండు పక్కలా ఒకటయింది. ఎప్పుడూ ఆ క్షణంలో ఈల వేసే మనిషి, దారం విప్పడానికి కూడా చేతులు రాక నిలబడిపోయాడు.

ఆదివారం కూతురు నిటారుగా కూర్చుని కొండవైపు సాగిపోయింది. ఎదురుకొట్టు దర్జీ కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఎవరు మేస్త్రీ ఆ పోయేది? పోల్చుకోలేకపోయాను."

"మా అమ్మాయేనండీ."

దర్జీ మళ్లీ మిషన్ తొక్కుకోసాగాడు. మేస్త్రి ఖాళీ దారిని చూస్తూ గుమ్మంలోనే ఉండిపోయాడు, తనకు తెలియకుండానే కుడి భుజం కాస్త వాల్చి.