బాగుందని రాసిన కాగితం

తొమ్మిదేళ్ళ క్రితం నేనొక కాగితం రాసిచ్చాను. నాలుగు వరుసలు, కింద సంతకం. రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పట్నుంచీ దాన్ని మోస్తున్నాను. ఇంట్లో వాళ్ళకి తెలియదు, కాలేజీలో తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను.

ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకండి. ఏడుపు రావడం లేదు. రావాలని చాలాసార్లు ఎదురుచూశాను.

మాది నందిగాం వైపు. టెక్కలిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. అంతకు ముందు రీసెర్చి చేశాను. మట్టిలో ఉండే బాక్టీరియా యాంటీబయాటిక్ మందుల్ని ఎలా తయారుచేస్తాయన్నది నా విషయం. మనం మింగే యాంటీబయాటిక్కుల్లో చాలావాటికి పుట్టిల్లు మట్టే. గుప్పెడు మట్టిలో లెక్కలేనన్ని ప్రాణులుంటాయి. వాటిలో కొన్ని, బూజులా దారాలు దారాలుగా పెరిగే రకం, తిండి ఉన్నంతసేపూ తమ మానాన తాము పెరుగుతాయి. తిండి అయిపోవస్తోందనగా వాటి తీరు మారుతుంది. విత్తనాల్లాంటివి కట్టుకోవడం మొదలుపెడతాయి, దాదాపు అప్పుడే చుట్టుపక్కల వాటిని చంపే మందు కూడా వదులుతాయి. మిగిలిన కాస్త తిండీ పక్కవాళ్ళు ఎత్తుకుపోకుండా అని కొందరంటారు. కాదు, అది వాటి మధ్య మాటలాంటిదని ఇంకొందరు. ఏటా ఈ పాఠం చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. నా నోరు దానంతటది చెప్పుకుపోతుంది, నేను కిటికీలోంచి చూస్తుంటాను.

జీడిచెట్ల వేళ్ళ దగ్గరి మట్టిని ఎవరూ పెద్దగా చూడలేదు, ఉద్దానం వెళ్ళి తీసుకురమ్మన్నారు మా గైడు. మా వైపే కదా అని సంబరపడ్డాను. పలాసలో బస్సు దిగి, మందస బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో సముద్రం వైపు వెళ్ళేదాన్ని. సంచిలో కవర్లు, ఒక చిన్న బొరిగె, పేర్లు రాసుకోడానికి మార్కరు.

ఉద్దానంలో మట్టి అడగడం అంత తేలికేమీ కాదు. అక్కడ కిడ్నీల జబ్బు లేని వీధి లేదు. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. ఎవరెవరో వస్తారు, ఏవేవో పట్టుకెళతారు, మళ్ళీ కనబడరు. ఆ పొద్దున రెండు తోటల్లో నన్ను గేటు దగ్గర్నుంచే పంపించేశారు. మూడో తోట దమయంతిది. జీడీ, కొబ్బరీ కలిసిన తోట. ఆమె ఎండుటాకులు పోగుచేస్తోంది. నాకంటే ఓ పదేళ్ళు పెద్దదై ఉంటుంది.

"మట్టెందుకమ్మా?" అంది.

పరిశోధనకని చెప్పాను.

"ఈ కిడ్నీల జబ్బు కోసవేనా?"

నేను సంచిలో కవర్లు వెతుక్కున్నాను.

"నెత్తురట్టుకెల్లినారు. ఉచ్చట్టుకెల్లినారు. బోరు నీళ్ళట్టుకెల్లినారు. ఒక్కలూ తిరిగొచ్చి ఇదీ సంగతని సెప్పనేదు. నువ్వయినా సెప్తావేటి?"

"సెప్తానప్పా," అన్నాను. "దానికోసవే."

యూనివర్సిటీలో ఎవరైనా నవ్వుతారని ఏళ్ళ తరబడి దిద్దుకున్న యాసని, అక్కని అప్పా అనే పిలుపుతో సహా, ఆ ఒక్క క్షణంలో మళ్ళీ బయటికి తీశాను. ఆమె మొహం విచ్చుకుంది. మన పిల్లే అనుకుంది. ఎందుకలా అన్నాను? ఎండగా ఉంది, నిజమే. రెండు తోటల్లో కాదన్నారు, అదీ నిజమే. కానీ ఎండకి మనుషులు అబద్ధాలాడరు. కాదని చెబితే మట్టి ఇవ్వదేమోనని అన్నాను. ఇంకా లోపల వెతికితే ఇంకోటి కూడా దొరుకుతుంది: ఆమె నన్ను అలా చూడటం నాకు బాగుంది.

బొరిగె నా చేతిలోంచి లాక్కుని తనే తవ్వింది. పైన ఆకులు తోసేసి, జానెడు లోతు మట్టి తీయమన్నాను. చెట్టుకింత అని ఐదు కవర్లు నింపింది. ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. భర్త కూర్మారావు అప్పుడే కొబ్బరిచెట్లు దిగి వచ్చాడు. సరదా మనిషి. నడుం పట్టుకుని కూర్చున్నాడు, కొట్లో కొన్న నొప్పి మాత్ర ఒకటి మంచినీళ్ళతో వేసుకున్నాడు. రోజూ వేసుకుంటాడట. ఊళ్ళో రక్తపరీక్షల క్యాంపు పెట్టినప్పుడు జీడితోటలో దాక్కున్నాడని దమయంతి చెప్పి నవ్వింది. అతనూ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ మట్టిని నీడలో ఆరబెట్టాను. చిటికెడు తీసి నీళ్ళలో కలిపి, అందులోంచి చుక్క తీసి మళ్ళీ నీళ్ళలో కలిపి, అలా పల్చన చేసి గాజు ప్లేట్లలో పరిచాను. వారం తర్వాత సుద్దపొడి అద్దినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. మూత తీస్తే తొలకరి వాసన. నిజానికి తొలకరి వాసన కూడా ఇవి చేసేదే. ఒక చుక్క చుట్టూ నేను వేసిన రోగక్రిములు పెరగలేదు, ఖాళీగా, అద్దంలా ఉంది. దమయంతి మూడో కవరు అది. ఆ రోజు నేను లాబ్‌లో గెంతాను. నా జీవితంలో అంత సంతోషపడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఇప్పటికీ వాటిలో దాన్ని తీసెయ్యలేకపోతున్నాను.

అదేం మందో తేల్చడానికి పెద్ద లాబ్‌కి పంపారు మా గైడు. జవాబు చాలా నెలలకి వచ్చింది. కొత్తదేమీ కాదు. మట్టిలో తరచూ దొరికేదే, ఎప్పుడో కనుక్కున్నదే. మందుగా వాడదామని చూసి పక్కన పెట్టేశారు. మూత్రపిండాలను పాడుచేస్తుందట.

ఆ వాక్యం మళ్ళీ చదివాను. మట్టిలో అది ఎంత ఉంటుంది, ఏ మూలకు, దాని వల్ల మనుషులకి జబ్బు రాదని నాకు తెలుసు. మీరు కూడా అలా అనుకోకండి. నేను చదివింది అందుకు కాదు. కిడ్నీల కోసమే అని చెప్పి తెచ్చిన మట్టిలోంచి నాకు దొరికింది ఇదన్నమాట, అనుకున్నాను. కాగితం మడిచి ఫైల్లో పెట్టేశాను. థీసిస్‌కి పనికొస్తుంది, ఫరవాలేదన్నారు గైడు.

ఇంకాస్త మట్టి కావలసి మళ్ళీ వెళ్ళాను. గుమ్మంలోనే పట్టుకుంది దమయంతి.

"రిపోర్టేదమ్మా?"

లేదని చెప్పొచ్చు. అసలు సంగతి చెప్పొచ్చు. నేను సంచిలోంచి రికార్డు పుస్తకం తీసి, ఒక కాగితం చింపి, వాళ్ళ అరుగు మీద కూర్చుని రాశాను. 'మీ తోట మట్టిని పరీక్షించడమైనది. హానికరమైనవి ఏవీ కనబడలేదు. మేలు చేసే సూక్ష్మజీవులు ఉన్నవి. మట్టి బాగున్నది.' సంతకం పెట్టాను. సంచిలో కవర్ల మీద వేసే మా లాబ్ గుండ్రటి ముద్ర ఉంటే అది కూడా వేశాను. ముద్ర ఎవరూ అడగలేదు. అది నా సొంత తెలివి.

కూర్మారావు ఆ కాగితం తీసుకుని పైకి చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత భార్యతో అన్నాడు:

"ఇన్నావా? మట్టి బాగుంటే తిండి బాగున్నట్టు. తిండి బాగుంటే మనిసి బాగున్నట్టు. ఇంకా నాకు సూదెట్టించుకోడం ఎందుకే? పలాసా ఒద్దు, ఏటీ ఒద్దు."

ఆ ముందు రోజే ఆమె పోరగా పోరగా పలాస వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుంటానని ఒప్పుకున్నాడట. అది కూడా నా ఎదురుగానే చెప్పింది. ఇద్దరూ నా వైపు చూశారు. ఆమె చూపులో అనుమానం ఉంది. ఔనా, అని అడుగుతోంది. చదువుకున్నదాన్ని నేనే కదా అక్కడ.

"బస్సుకి టైమవుతోందప్పా," అన్నాను.

ఇదే నేను చేసింది. అబద్ధం కాగితం ఒక ఎత్తు. దాన్ని పట్టుకుని ఒక మనిషి పరీక్ష మానేస్తుంటే చెవులారా విని, సంచి భుజానికి తగిలించుకుని రావడం ఒక ఎత్తు. ఆ కాగితానికీ నీ రక్తానికీ సంబంధం లేదు బావా, అంటే చాలు. కానీ అలా అంటే, మరి ఆ కాగితం దేనికని అడుగుతారు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నిద్రపోయాను కూడా.

మూడేళ్ళ తర్వాత పలాసలో ఆసుపత్రి బయట దమయంతి కనబడింది. చేతిలో ఆసుపత్రి ఫైలు. కూర్మారావు లోపల డయాలసిస్‌లో ఉన్నాడు. కాళ్ళు వాచి, ఊపిరాడక పడిపోయినప్పుడు తీసుకొచ్చారట. అప్పటికే చాలా ముదిరిపోయింది. ముందే తెలిసుంటే ఆ నొప్పి మాత్రలు మాన్పించేవాళ్ళం, జాగ్రత్తలు చెప్పేవాళ్ళం, ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చేవాడని డాక్టరు అన్నాడట. ఇది ఆమె మామూలుగా చెప్పింది. ఫైలు తెరిచి నాకు చూపించింది. అన్నిటికంటే పైన నా కాగితం ఉంది, ప్లాస్టిక్ కవరులో. వెళ్ళినప్పుడల్లా డాక్టరుకి చూపిస్తోందట. ఆయన చూసి తిప్పేస్తాడట.

చెప్పాలనుకున్నాను. లోపలి నుంచి ఎవరో పిలిచారు, ఆమె వెళ్ళిపోయింది. నేను పరుగెత్తి ఆపొచ్చు. ఆపలేదు.

నిరుడు అతను పోయాడు. నెల దాటాక వెళ్ళాను. ఏం చేద్దామని వెళ్ళానో నాకే తెలియదు. చెప్పేద్దామనా? లేక ఎలా ఉన్నారో చూసి, ఫరవాలేదు, బాగానే ఉన్నారు అనుకుని రావడానికా? టీ ఇచ్చింది. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళి ఆ కాగితం తెచ్చింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి ఉంది.

"ఆసుపత్రి కాయితాలన్నీ ఆయన పక్కబట్టల్తో కాల్చీసినాం సెల్లీ. ఇదొక్కటే ఉంచినాను. అన్నిట్లోనీ బాగోనేదు, బాగోనేదనే రాసుండీది. బాగుందని రాసింది ఇదొక్కటే. కాల్సడానికి సేతులు రానేదు."

దాన్ని మళ్ళీ మడత పెట్టింది. తర్వాత అడిగింది. "మట్టి బాగుంది గదా. మరి ఈయనకెందుకొచ్చింది సెల్లీ?"

"తెలీదప్పా," అన్నాను.

అది నిజమే. ఎవరికీ తెలియదు. ఆ నిజం వెనకాల దాక్కుని టీ తాగి వచ్చేశాను.

నేను చెప్పి ఉంటే అతను పరీక్షకి వెళ్ళేవాడా? మళ్ళీ తోటలో దాక్కునేవాడేమో. వెళ్ళినా ఎన్నాళ్ళుండేవాడు? ఈ ప్రశ్నలు నన్ను తప్పించడానికే వస్తాయని కూడా నాకు తెలుసు. రానిస్తాను. వచ్చి పోతాయి. ఒకటి మాత్రం ఎటూ కదలదు. ఒప్పుకున్న మనిషి ఆగిపోయింది నా కాగితం చూసి.

ఆమెకి చెబుతానా? తెలియదు. చెబితే నాకు తేలికవుతుంది, ఆమె దగ్గర మిగిలిన ఆ ఒక్క కాగితం పోతుంది. ఇది దయో పిరికితనమో విడదీయడం నాకు చేతకావడం లేదు. పిరికితనమే అయి ఉంటుంది. మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు, క్షమించనూ అక్కర్లేదు. అది మీ చేతిలో లేదు. ఒకరికి చెప్పాను, అంతే. ఛాతీలో కాస్త చోటు అయినట్టుంది.

ఇందాక అలాంటి రికార్డు కాగితమే ఒకటి చింపి, ఆ రోజు రాయవలసింది రాసి చూశాను. 'మీ తోట మట్టిని కిడ్నీల జబ్బు కోసం పరీక్షించలేదు. నా చదువు కోసం తీసుకున్నాను. మీకు అబద్ధం చెప్పాను. కూర్మారావు బావా, పలాస వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకో.'

ఇదీ నాలుగు వరుసలే. కింద ఇంకా బోలెడు చోటుంది.