బ్రహ్మకమలాన్ని నాగజెముడు మీద నిలబెట్టిన మా సుగుణక్క

నిన్న తెల్లవారుజామున రేపల్లె నుంచి ఫోన్. సుగుణక్క పోయిందని.

మా మేనల్లుడు చెప్తూనే ఉన్నాడు. నేను "ఏ సుగుణ?" అని అడిగాను.

నా బతుకులో ఉన్నది ఒక్క సుగుణే.

నిద్రలోనే పోయిందట. సాయంత్రం సమాధి చేసి వచ్చాం. ఏడుపు రాలేదు, కోపం వస్తోంది. అక్కడ మాట్లాడినవాళ్లంతా "సౌమ్యురాలు, శాంతమూర్తి" అన్నారు. ఎవరండీ సౌమ్యురాలు? తెనాలిలో ఒక వీధిని గెలిచిన మనిషి ఆవిడ.

తెలియనివాళ్ల కోసమే ఈ పోస్ట్.

అక్క మా పెద్దమ్మ కూతురు. పుట్టింది బాపట్లలో. తొంభైల మొదట్లో తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్. నేను ఆవిడ దగ్గరే ఉండి డిగ్రీ చదివాను. చదివింది కాలేజీ పుస్తకాలు కాదులెండి. పల్చటి హేతువాద పుస్తకాలు. ఒకటి చదవడం, వెళ్లి ఎవరితోనో గొడవ పెట్టుకోవడం.

అక్క పిచ్చి వేరు. కాక్టస్.

బాపట్ల వెళ్లినప్పుడల్లా సముద్రం దారిలో కంచెల మీద పెరిగే నాగజెముడు సంచిలో వేసుకొచ్చేది. బెంగళూరు నర్సరీ నుంచి ఎర్రబంతుల్లాంటి చిన్న కాక్టస్‌లు తెప్పించేది. వాటి ఒంట్లో ఆకుపచ్చ ఉండదు. సొంతంగా తిండి వండుకోలేవు. పచ్చటి జెముడు మీద అంటు కడితేనే బతుకు.

స్పిరిట్‌తో తుడిచిన షేవింగ్ బ్లేడు, నాలుగు రబ్బరు బ్యాండ్లు. అంతే సరంజామా. డాబా నిండా కుండీలే.

కింద పోర్షన్‌లో ఇంటి ఓనరు మాణిక్యమ్మ గారు. ఇద్దరు కోడళ్లకి పడదు. అప్పుడు ఊరంతా వాస్తు గాలి. ఒక సిద్ధాంతి వచ్చి, నెత్తిమీద ముళ్లు పెట్టుకుని ఇంట్లో శాంతి కావాలంటే ఎలా అన్నాడట.

నెలాఖరుకి ముళ్లైనా పోవాలి, మీరైనా పోవాలి అన్నారావిడ.

మా కులం వాళ్లకి ఆ వీధిలో ఇల్లు దొరకడమే గగనం. కుండీలు పారేస్తే ఏళ్ల తరబడి పెంచినదంతా మట్టిపాలు.

నేను ఊరుకుంటానా? వరండాలో నిలబడి వాస్తు మీద లెక్చర్ ఇచ్చాను. గడువు నెలాఖరు నుంచి ఆదివారానికి జరిగింది.

(నేనన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. ఇప్పటికీ అంటాను.)

అప్పుడు అక్క కిందికి దిగింది.

మాణిక్యమ్మ గారి తులసికోట పక్కన బ్రహ్మకమలం ఉండేది. అది పూసిందంటే హారతిచ్చి, వీధి వీధినీ పిలిచి చూపించేవారు.

"పిన్నిగారూ, ఇదీ మా ముళ్ల జాతేనండి" అంది అక్క.

"నోరు కడుక్కో అమ్మాయ్. దేవుడి పువ్వది."

"మామిడికి మామిడి అంటుకుంటుంది, వేప అంటుకోదు కదండీ? దీని ముక్క నా జెముడు మీద కడతాను. అంటుకుందా, రెండూ చుట్టాలే. లేదా, కుండీలన్నీ నేనే పారబోసి ఇల్లు ఖాళీ చేస్తానండి."

మాణిక్యమ్మ గారు తక్కువ మనిషేం కాదు. కోసిన ముక్క కొన్నాళ్లు ఎలాగూ పచ్చగానే ఉంటుంది, చిగురేస్తేనే లెక్క, గడువు అప్పటిదాకా అన్నారు. కుండీ తన వరండాలో, తన కళ్లముందే ఉండాలన్నారు.

"కులం కాని కులానికి అంటు పడదమ్మాయ్. చూస్తావుగా."

నా ఒళ్లు మండిపోయింది. అక్క నవ్వి "సరేనండి" అంది.

జెముడు మట్టని నడినెత్తిన చీల్చింది. బ్రహ్మకమలం ఆకు మొదలుని రెండు వైపులా పల్చగా చెక్కి ఆ చీలికలో దించింది. ఊడిపోకుండా ఆ జెముడు ముల్లే ఒకటి పీకి పిన్నులా గుచ్చింది. కోడళ్లిద్దరూ ఒకే గుమ్మంలో నిలబడి చూశారు.

ఇక ఎదురుచూపు.

మధ్యలో ముసురు పట్టింది. కోసినచోట నీళ్లు దిగితే కుళ్లిపోతుంది. అక్క డ్యూటీలో ఉంది. వరండాలోకి జల్లు కొడుతుంటే నేను పరిగెత్తాను.

కుండీ మీద అప్పటికే గంప బోర్లించి ఉంది.

మాణిక్యమ్మ గారే బోర్లించారు. ఊరికే కూర్చుంటే గెలిచేవారు. నేను నోరు తెరిచేలోపు ఆవిడే అన్నారు:

"ఏంటలా చూస్తావ్? సగం నాది కాదూ?"

ఒక పొద్దున కింద నుంచి పిలుపు. "అమ్మాయ్, ఇలా రా."

ఆకు అంచున గోరంత చిగురు. ఎర్రగా.

అక్క కుండీ ముందు చతికిలబడింది. "చుట్టాలేనాండి, పిన్నిగారూ?"

ఆవిడ చిగురు మీద వేలు ఆనించి చూశారు. "చుట్టాలేలే. ఆ ముళ్లదాని పిల్ల ఒకటి నాకూ ఇయ్యి."

గెలిచాం! కుండీలు మిగిలాయి, ఇల్లు మిగిలింది. వాస్తు తప్పని ఆవిడ చేత వీధిలో చెప్పించాల్సిందే అని నేను ఎగిరాను. అక్క నా చెవి పట్టుకుంది. "ఒరేయ్, ఆవిడ ఒప్పుకుంది. ముక్కు నేలకి రాయించాలా ఏంటి?"

తర్వాత సిద్ధాంతి వస్తే ఆవిడే ఆ కుండీ చూపించి, దీన్ని పారెయ్యమంటారా, పూజ చెయ్యమంటారా అని అడిగారట. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగేసరికి ఆ వీధిలో ముళ్లకుండీ లేని డాబా లేదు.

ట్రాన్స్‌ఫర్ వచ్చాక అక్క కుండీలన్నిటినీ రేపల్లె ప్యాసింజర్‌లో, విడతలు విడతలుగా తీసుకెళ్లింది. ఎంత రష్ ఉన్నా ఆవిడ పక్క సీటు జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. అక్కడా పిల్లమొక్కలు తీసి పంచుతూనే ఉంది, మొన్నటిదాకా.

అక్కా, నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లావని నిన్న పాస్టర్ గారు చెప్పారు. నేను నమ్మనని నీకు తెలుసు. ఎన్ని రాత్రులు వాదించుకున్నాం దీనిమీద.

ఈ ఒక్క వాదనలో నువ్వే గెలవాలక్కా. నేనే ఓడిపోవాలి.

హాయిగా నిద్రపో.