తిరగేసి చూడని చీర

నిన్న సాయంత్రం మనవరాలి పక్కన కూర్చుని టీవీలో హత్యల సీరియల్ చూస్తుంటే, శవం దగ్గర పనిపిల్ల చీరకొంగు ముక్క దొరికిందని ఇన్‌స్పెక్టర్ ఆమెకు బేడీలు వేశాడు. కొంగు చిరిగినప్పుడు ఎర్రంచు, స్టేషన్‌కు వచ్చేసరికి పచ్చంచు! పైగా అది గద్వాల చీరట, ఏ గద్వాలలో నేశారో మరి! నాకు ఒళ్లు మండి నాలుగు మాటలు అంటే, "అవ్వా, జర ఊకో, కథ చూడనియ్యి" అని మనవరాలు కసిరింది. ఊరుకోవడం నాకు చేతకాదు. చీర చూసి దొంగను తేల్చడం మీద ఈ అనుమానం నాకు ఊరికే పట్టుకోలేదు.

నా చిన్నప్పుడు గద్వాలలో మా ఇంట్లో ఒక మగ్గం, పక్కనే బాబాయి ఇంట్లో ఒకటి ఉండేవి. అమ్మా చిన్నమ్మా తోటికోడళ్లే అయినా ఒక్క కడుపున పుట్టినట్టు ఉండేవాళ్లు, రోజూ నాకు జడ వేసేది చిన్నమ్మే. ఒకసారి అమ్మ నేసి మగ్గం మీంచి దించిన చీర మా పెట్టెలోంచి మాయమైంది. అమ్మ ఇల్లంతా వెతికి, దిగులుతో అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ వారమే అందరం బీచుపల్లి ఆంజనేయస్వామి దర్శనానికి వెళితే, చిన్నమ్మ ఒంటి మీద అదే రంగు, అదే అంచు. అంచు చూసి ఏ మగ్గం చీరో చెప్పేస్తామని మా నేతవాళ్లకు మహా గర్వం కదా, అమ్మ గుడి ముందర పదిమందిలోనే అడిగేసింది.

"ఏందే, నా మగ్గం మీది చీర నీ ఒంటి మీదికెట్లొచ్చింది?"

చిన్నమ్మ తిట్టలేదు, ఏడవలేదు. కొంగు తిరగేసి, అంచు చీరతో కలిసే అతుకు చూపించింది. ఎవరి చేతి నేతో ఆ వెనక వైపే తెలుస్తుంది. అది అమ్మ చేయి కాదు. మాతో చీరలు నేయించుకునే సేటు ఒకే రంగు పట్టు రెండిళ్లకూ ఇచ్చాడట, బాబాయి ముచ్చటపడి ఒక చీర తన భార్యకే ఉంచాడట. మా చీరనేమో నాన్న నమూనాకని సేటు దుకాణంలో ఇచ్చి, ఇంట్లో చెప్పడం మరిచాడు.

"తిరగేసి చూసినంక అడగాలె గదక్కా" అంది చిన్నమ్మ, అంతే.

అమ్మ ఎన్నిసార్లు బతిమాలినా ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు. అమ్మ పోయిన రోజు మాత్రం వచ్చి, మీద కప్పిన చీర అంచు తిరగేసి, అతుకును వేళ్లతో తడిమి, "మా అక్క చెయ్యే" అని బావురుమంది.

ఇప్పుడు మరమగ్గం చీరలు తిరగేసినా ఎవరి చెయ్యీ కనిపించదు. రేపటి భాగంలో ఆ పనిపిల్లను వదిలేస్తారులే అని మనవరాలు నాకు ధైర్యం చెప్పింది. వదిలేస్తారు సరే, ఆ పిల్ల మళ్లీ ఆ ఇంట్లో అడుగు పెడుతుందా అన్నదే నా అనుమానం.