ప్లిమత్ మెట్ల మీద మామయ్యగారి మొదటి పాఠం

మా మామయ్యగారు బాపట్లలో డిగ్రీ కాలేజీ హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. ముప్పై ఏళ్లపాటు బీఏ పిల్లలకి అమెరికా చరిత్ర చెప్పారు, అమెరికా మాత్రం చూడలేదు. 2016 వేసవిలో లండన్ పక్కనే వాట్‌ఫర్డ్‌లో ఉన్న మా ఇంటికి వచ్చినప్పుడు లండనంతా తిప్పి చూపించాం. దేనికీ పెద్దగా కదల్లేదు మహానుభావుడు. ఒకరోజు కాఫీ తాగుతూ, ప్లిమత్ ఇక్కణ్నుంచి ఎంత దూరమని అడిగారు. గుండె సంగతి చూసిన డాక్టరు, విమానం ఎక్కడం ఇదే ఆఖరుసారి అనుకోండని చెప్పి పంపాడట. అమెరికా ఎలాగూ ఇక లేదు, కనీసం నాలుగొందల ఏళ్ల క్రితం అక్కడ కాపురం పెట్టడానికి ఇంగ్లీషువాళ్ల ఓడ బయల్దేరిన మెట్ల మీదైనా ఒక్కసారి నిలబడతానన్నారు. ఏటా ఆయన మొదటి పాఠం ఆ మెట్ల దగ్గరే మొదలయ్యేదట. మా ఆయనకి ఆ వారాంతం ఆఫీసులో డ్యూటీ పడింది. సరే, నేను తీసుకెళ్తానన్నాను.

శనివారం పొద్దున్నే పులిహోర డబ్బాలో సర్దుకుని వాట్‌ఫర్డ్ జంక్షన్‌లో రైలెక్కాం. యూస్టన్‌లో దిగి, ట్యూబ్ రైల్లో పాడింగ్టన్ చేరి, అక్కడ ప్లిమత్ రైలు పట్టుకోవాలి. అక్కణ్నుంచి మూడు గంటల పైచిలుకు ప్రయాణం. టిక్కెట్లు ముందుగానే కొన్నాను కాబట్టి ఇద్దరికీ రానుపోను కలిపి తొంభై పౌండ్లలోపే అయింది. అప్పటికప్పుడు కొంటే మాత్రం గుండె గుభేలుమంటుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ సీట్లు తీసుకోండి, ఎందుకో చెప్తాను.

నేను ఎంపీసీ చదివినదాన్ని, హిస్టరీ అంటే చిన్నప్పుడే నిద్రొచ్చేది. అయినా రైల్లో ఎక్కడికి పారిపోతాం? రెడింగ్ దాటేసరికి మామయ్యగారు పదమూడు కాలనీలూ పెట్టించేశారు. ప్లిమత్ ఓడకంటే ముందే వర్జీనియాలో ఇంగ్లీషువాళ్లు దిగారనీ, కానీ కథ చెప్పడానికి తనకి ప్లిమతే ఇష్టమనీ ఆయనే ఒప్పుకున్నారు. పన్నుల గొడవ, టీ పెట్టెల్ని సముద్రంలో పారేయడం, స్వాతంత్ర్యం, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎక్సెటర్ వచ్చేసరికి అంతర్యుద్ధం ముగిసి, బానిసలు విడుదలై, రైలు పట్టాలు పడమటికి పరిగెడుతున్నాయి. ఆ నేల మీద అప్పటిదాకా బతికినవాళ్ల గతేమైందో చెప్పేటప్పుడు ఆయన గొంతు బాగా తగ్గింది. సరిగ్గా అప్పుడే రైలు డాలిష్ దగ్గర సముద్రాన్ని ఒరుసుకుంటూ వెళ్లింది. ఎడమ కిటికీ నిండా నీళ్లే.

"చూడమ్మా," అన్నారు నీళ్లవైపు చెయ్యి చూపిస్తూ, "నేల చివరిదాకా వచ్చేశాక హవాయి, ఫిలిప్పీన్స్ అని సముద్రం మీద పడ్డారు. ఒకప్పుడు తామే ఇంకొకరి కాలనీ. అలాంటివాళ్లకి కాలనీలు ఎందుకు కావలసొచ్చాయో ఆలోచించి రండి అని ఆఖరి క్లాసు ముగించేవాణ్ని."

ప్లిమత్ స్టేషన్ నుంచి పాత రేవుకి టాక్సీలో ఏడు పౌండ్లయింది, ఓపికుంటే నడిచే దూరమే. రేవులో చేపల వాసన, సీగల్స్ గోల. రెండు స్తంభాల చిన్న మంటపం, పైన జెండాలు, దాని వెనక నీళ్లలోకి దిగే మెట్లు. మామయ్యగారు చొక్కా సర్దుకుని ఫోటోకి నిలబడ్డారు. పక్కనే బోటు టిక్కెట్లు అమ్మే పెద్దావిడ, ఎక్కణ్నుంచి వచ్చారని పలకరించింది. ఆయన ఉత్సాహంగా అంతా చెప్పారు. పాపం, ఆవిడ మంచికే చెప్పింది: ఈ మంటపం తర్వాతెప్పుడో కట్టిందట. రేవు ఒడ్డు అప్పట్లో ఇక్కడ లేదట, అసలు మెట్లు రోడ్డుకి అవతలున్న పబ్ చోట ఉండేవని ఊళ్లో అనుకుంటారట. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ పబ్‌లోని లేడీస్ టాయిలెట్ దగ్గర.

నాకు నవ్వాగలేదు. మామయ్యగారి మొహం చూసేసరికి ఆగిపోయింది. "అయితే ఇది కాదా?" అని ఒక్క మాట అని, వెళ్లి బెంచీ మీద కూలబడ్డారు. పులిహోర డబ్బా మూత కూడా తియ్యలేదు. ఇంత దూరం తీసుకొచ్చి ఆయన్ని ఇలా కూర్చోబెట్టానే అని నా ప్రాణం ఉసూరుమంది. పబ్‌లోకి వెళ్దామని అడగడానికి కూడా నోరు రాలేదు. వారం క్రితమే మా ఆఫీసు వాళ్లు పబ్‌లో భోజనానికి పిలిస్తే, ఈయన లోపల అడుగు పెట్టనని, వానలో గొడుగు వేసుకుని బయటే కూర్చున్నారు. అలాంటి మనిషి కాసేపటికి తనే లేచి, రోడ్డు దాటి, పబ్ తలుపు తోశారు.

యజమానురాలు నడివయసావిడ, రెండు చేతుల నిండా ఖాళీ గ్లాసులు. ముప్పై ఏళ్ల పాఠం, గుండె, ఆఖరి ప్రయాణం, నాకు తోచినట్టు గబగబా చెప్పేశాను. ఆవిడ గ్లాసులు దించి, టాయిలెట్ లోపల ఎవరూ లేరని చూసుకుని, శుభ్రం చేస్తున్నామనే పసుపు బోర్డు తలుపు ముందు పెట్టింది. అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. పర్లేదు, ఆగుతామన్నారు. మామయ్యగారు గడప దగ్గర ఆగి, వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టారు.

"మామయ్యగారూ, అది టాయిలెట్ అండీ. నేల తడిగా ఉంది, వద్దండీ."

"మీకు టాయిలెట్ అమ్మా. నాకు కాదు."

యజమానురాలికి తెలుగు రాదు, విషయం మాత్రం అర్థమైంది. పేపర్ టవల్స్ చుట్ట తెచ్చి, గడప నుంచి వాష్‌బేసిన్ దాకా నేల మీద పరిచింది. ఆయన ఆ కాగితాల మీద ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్లి, చేతులు ఆరబెట్టుకునే మెషీన్ పక్కన నిలబడ్డారు. తలుపు దగ్గర మేం నలుగురం ఆడవాళ్లమే అనుకున్నాను, చూస్తే బోటు టిక్కెట్ల ఆవిడ కూడా వచ్చేసింది. ఆయన మావైపు తిరిగి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో మొదలుపెట్టారు: "నూట రెండు మంది, ఒక్క ఓడ." అంతే, అక్కడే ఆగిపోయారు. కళ్లనిండా నీళ్లు.

పెళ్లయి వచ్చిన రోజు నుంచీ ఆయన్ని నేను మామయ్యగారనే పిలిచాను. ఆ రోజు మాత్రం నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. "తర్వాత, మాస్టారూ?" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకుని పాఠం పూర్తిచేశారు.

బయటికొచ్చాక పులిహోర మొత్తం తినేశారు. టీకి డబ్బులిస్తే యజమానురాలు పుచ్చుకోలేదు. చరిత్ర ఆ గోడల మధ్యే జరిగిందో లేదో నాకు తెలీదు, మామయ్యగారికీ తెలీదు. ఊరూ పేరూ తెలియని ఒక ముసలాయన కోసం ఆ కాగితాలు పరిచిన చేతులకి మాత్రం నేను ఈ జన్మకి రుణపడి ఉంటాను. మీరు ప్లిమత్ వెళ్తే నా తరఫున ఆవిడకి ఒక నమస్కారం పెట్టండి. పనికొచ్చే సలహా ఒక్కటే: పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు బ్యాగులో ఒక జత సాక్సులు ఎక్కువ పెట్టుకోండి. వాళ్లు ఎక్కడ చెప్పులు విప్పుతారో మనకి ముందే తెలియదు.