సూరమ్మ గారి సామాన్లు

దెయ్యాల సంగతులు ఎవరైనా చెబితే నవ్వేసే మనిషిని నేను. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను, ఏమీ కలపడం లేదు.

ఉప్పాడ బదిలీ అయినప్పుడు తీరం దగ్గర ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. ముందు వరండాకి ఇనుప గ్రిల్ ఉండేది. దానికి తాళం నేనే కొన్నాను.

రోడ్డుకి అవతల, సముద్రం వైపు సూరమ్మ గారి ఇల్లు. వెనక గది అప్పటికే కోతకు పోయింది. మిగిలిన గదిలో ఆవిడ ఒక్కరే ఉండేవారు. కొడుకు అప్పన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవలో మిగతావాళ్ళ శవాలు దొరికాయి గానీ అతనిది దొరకలేదు. ఆవిడ కర్మ చేయించనివ్వలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమని అందరూ చెప్పారు. పిఠాపురం నుంచి కూతురు వచ్చి బతిమాలింది. కదల్లేదు.

"ఆడొస్తే ఎక్కడికొస్తాడు టీచరమ్మా? ఆడికి తెలిసింది ఈ గుమ్మమే కదా," అనేవారు.

ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి నా వరండాలో ఒక స్టీలు బిందె ఉంది. మీద సూరమ్మ గారి పేరు చెక్కి ఉంది. గ్రిల్‌కి తాళం వేసినట్టే ఉంది. ఆవిడే ఎలాగో పెట్టారనుకున్నాను. ఆవిడేమో నేను పట్టుకొచ్చాననుకున్నారు.

"కావాలంటే అడగొచ్చు కదమ్మా," అన్నారు నొచ్చుకుంటూ.

కొన్నాళ్ళకి ఆవిడ చాప వచ్చింది. తర్వాత భర్త ఫొటో. తాళం మార్చాను. అప్పుడు రుబ్బురోలు వచ్చింది. దాన్ని తిరిగి మోసుకెళ్ళడానికి పక్కింటి మగవాళ్ళిద్దరు ఆపసోపాలు పడ్డారు. అది ఉన్నచోట నేల మీద తడి ఇసుక మిగిలింది. ఆ రోజు నుంచి సూరమ్మ గారు నన్ను ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒక శనివారం ఆవిడని కళ్ళ డాక్టరుకి చూపించడానికి కాకినాడ తీసుకెళ్ళాను. పొద్దుటి నుంచీ నా పక్కనే ఉన్నారు. తిరిగొచ్చి, ఆవిడ చూస్తుండగానే గ్రిల్ తాళం తీశాను. వరండాలో కుర్చీ మీద ఒక నీలం గళ్ళ చొక్కా మడతపెట్టి ఉంది.

అప్పన్న కోసం కొని, అతను వచ్చాక వేసుకుంటాడని ట్రంకుపెట్టెలో దాచిన చొక్కా అది. పెట్టె తాళంచెవి ఆవిడ మెడలో తాడుకి ఉంది. చేత్తో తడిమి చూసుకున్నారు కూడా.

చొక్కా చేతులు రెండూ లోపలికి మడిచి ఉన్నాయి.

"ఇది ఆడి మడతేనమ్మా. నేనిలా పెట్టలేదు," అన్నారు. కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "ఇంక వేసుకునే పని లేదంటున్నాడు," అని అప్పుడు ఏడ్చారు. అన్నాళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడడం అదే మొదలు.

మర్నాడే కూతురుతో వెళ్ళిపోయారు. ఆ నెలలోనే తుఫాను వచ్చింది. మేం చూసేసరికి ఆ ఇంటి చోట నీళ్ళే ఉన్నాయి. ఆవిడ అదృష్టవంతురాలని వీధిలో అందరూ అన్నారు. ఆవిడ ఏడుపు విన్నదాన్ని, నా నోట ఆ మాట రాలేదు.

అప్పన్న కర్మకి పిఠాపురం వెళ్ళాను. అందరి భోజనాలూ అయ్యాక సూరమ్మ గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఎంతమంది చెప్పినా నమ్మలేదమ్మా. ఆడే చెప్పాక ఇంకేం చేస్తాను?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

తాళం వేసిన గ్రిల్ దాటి అంత బరువైన రోలు ఎలా వచ్చిందో, పెట్టెలో చొక్కా ఎవరు తీశారో నాకు ఇవాళ్టికీ తెలియదు. చాలా రకాలుగా ఆలోచించి చూశాను. ఒక్కటీ కుదరలేదు.